పాత సైనిక పతకాల గుర్తింపు

సైనిక పతకం అనగా యుద్ధంలో పాల్గొన్నందుకు గాని, శౌర్యానికి గాని, దీర్ఘకాల సేవకు గాని ప్రభుత్వం సైనికునికి ఇచ్చే లోహపు బిళ్ళ లేదా నక్షత్రం. బ్రిటిషు ఇండియా సైన్యంలోను, ఆ తరువాత భారత సైన్యంలోను పనిచేసినవారి పతకాలు వారి వారసుల ఇళ్ళలో నేటికీ ఉన్నాయి. ఎక్కువ సందర్భాలలో అవి ఎవరివో ఇంటివారికి తెలుసు గాని, ఏ యుద్ధానికి, ఏ సంవత్సరంలో, ఏ సేవకు ఇచ్చారో తెలియదు. మూడు నాలుగు తరాలు గడిచిన ఇళ్ళలో "తాతగారి మిలటరీ బిళ్ళలు" అనే మాట ఒక్కటే మిగులుతుంది. పతకం మీద ఉన్న అంచు రాతను, రాజు బొమ్మను, అడ్డకడ్డీని, రిబ్బనును వరుసగా పరిశీలిస్తే దాని కాలాన్ని చాలా వరకు నిర్ణయించవచ్చు. ఈ వ్యాసం 19వ శతాబ్దపు మధ్యకాలం నుండి 1972 వరకు వెలువడిన పతకాలలో గోదావరి ప్రాంతపు సైనికులకు లభించగల వాటిని ముఖ్యంగా వివరిస్తుంది.

గోదావరి ప్రాంతంతో సంబంధం

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం గ్రామం "మిలటరీ మాధవరం" గా ప్రసిద్ధి చెందినది. స్థానిక చరిత్ర ప్రకారం 17వ శతాబ్దంలో పూసపాటి మాధవవర్మ ఆరుగొలను వద్ద కోట కట్టి, రక్షణ కొరకు ఉత్తర కోస్తా నుండి సైనిక కుటుంబాలను రప్పించి ఇక్కడ స్థిరపరచాడు. రెండు ప్రపంచ యుద్ధాలలోను ఈ గ్రామస్థులు పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు. ఆ పరంపర స్వాతంత్ర్యానంతరం కూడా కొనసాగుతున్నది. ఇంటికొక సైనికుడు అన్న మాట ఈ ఊరి విషయంలో అతిశయోక్తిగా తోచదు.

తెలుగువారి సైనిక సేవ ఇంతకంటే పాతది. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఎందరో ఉండేవారు. ఉత్తర భారతంలో కంపెనీ సిపాయిని "తిలంగా" అని పిలవడం దీనికి గుర్తు. అయితే 19వ శతాబ్దం చివరి నాటికి బ్రిటిషువారు "యుద్ధ జాతులు" అనే వాదాన్ని పట్టుకుని, దక్షిణాది వారిని క్రమంగా తగ్గించి, పంజాబు, సరిహద్దు ప్రాంతాలు, నేపాలుల నుండి సైనికులను ఎక్కువగా తీసుకున్నారు. మద్రాసు, కర్ణాటిక్ పదాతి పటాలాలను 1922 పునర్వ్యవస్థీకరణలో 3వ మద్రాసు రెజిమెంటుగా కలిపి, 1928 నాటికి రద్దు చేశారు. మద్రాసు పయనీర్లను 1933లో రద్దు చేశారు. మద్రాసు శాపర్లు అండ్ మైనర్లు (ఇంజనీరింగు దళం) మాత్రం ఎన్నడూ ఆగకుండా కొనసాగింది. మద్రాసు రెజిమెంటు మళ్ళీ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలోనే పునరుద్ధరించబడింది.

ఈ చరిత్ర పతకాల కాలనిర్ణయానికి నేరుగా ఉపయోగపడుతుంది. పతకం అంచున "కర్ణాటిక్ ఇన్‌ఫంట్రీ" అని ఉంటే ఆ పేరు 1922కు పూర్వపు సేవకు చెందినది. "3వ మద్రాస్" అని ఉంటే 1922-28 మధ్యది. సంఖ్య లేకుండా "మద్రాస్ రెజిమెంట్" అని ఉంటే రెండవ ప్రపంచ యుద్ధం లేదా ఆ తరువాతిది.

అంచు మీది రాత

పతకం చేతికి రాగానే అందరూ ముఖభాగాన్ని చూస్తారు. చూడవలసినది అంచు. గుండ్రని పతకాలకు మందంగా ఉండే అంచు చుట్టూ చిన్న ఇంగ్లీషు అక్షరాలతో సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళం ముద్రించబడి ఉంటాయి. నక్షత్రాకారపు పతకాలకు ఇదే సమాచారం నున్నటి వెనుక భాగాన ఉంటుంది. పగటి వెలుతురు అంచు మీద ఏటవాలుగా పడేటట్టు పట్టుకుని, భూతద్దంతో నెమ్మదిగా తిప్పుతూ చదవాలి. అరిగిన రాతను ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే కంటికి కనబడని అక్షరాలు కూడా కొన్ని తేలుతాయి.

రెండవ ప్రపంచ యుద్ధ పతకాలను బ్రిటన్ తన సైనికులకు పేర్లు లేకుండానే ఇచ్చింది. భారత సైనికులకు ఇచ్చిన వాటిపై సాధారణంగా పేర్లు ముద్రించారు. కనుక లండన్‌లో దొరికే బర్మా స్టార్ ఎవరిదో చెప్పలేము గాని, తాడేపల్లిగూడెం పెట్టెలో ఉన్న బర్మా స్టార్ ఎవరిదో చెప్పే అవకాశం ఉంది. పేరులేని పతకం మన ప్రాంతంలో కనిపిస్తే అది నకలు అని వెంటనే తీర్మానించరాదు. పేరు వేయకుండా ఇచ్చినవి, పోయినదానికి బదులుగా తరువాత కొన్నవి కూడా ఉంటాయి.

పేర్ల విషయంలో కొన్ని చిక్కులు కలవు. నమోదు చేసిన గుమాస్తాకు తెలుగు రాకపోవడం వలన పేర్లు విపరీతంగా మారిపోయాయి. ఇంటిపేరు తరచుగా ఉండదు. ఒక్క పేరుతోనే సైనికుని రాసుకోవడం ఆనాటి పద్ధతి. ఒకే పటాలంలో వెంకటస్వాములు, అప్పన్నలు అనేకమంది ఉంటారు కాబట్టి పేరు కంటే సంఖ్య ముఖ్యం. అయితే మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సంఖ్యలను ఏ పటాలానికి ఆ పటాలం విడిగా ఇచ్చేది. అందువలన సంఖ్యను, దళం పేరును కలిపి రాసుకోవాలి. ఒకటి లేకుండా రెండవది ఉపయోగపడదు.

హోదాల పేర్లు కూడా కాలాన్ని చెబుతాయి. సెప్ అంటే సిపాయి, ఎస్‌పిఆర్ అంటే శాపర్, ఎన్‌కె అంటే నాయక్, హవ్ అంటే హవల్దార్, జెమ్ అంటే జమేదార్, సబ్ అంటే సుబేదార్. వీటిలో జమేదార్ అనే హోదా పేరు 1965లో నాయబ్ సుబేదార్‌గా మార్చబడినది. కనుక జమేదార్ అని ఉన్న రాత అంతకు ముందరిది. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌కు "రాయల్" అనే గౌరవం 1935లో వచ్చి, 1950 జనవరి 26న భారతదేశం గణతంత్రం కావడంతో పోయింది. సంఖ్యకు ముందు జెసి అనే అక్షరాలు ఉంటే ఆ వ్యక్తి స్వతంత్ర భారత సైన్యంలో జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు. ఐసి అని ఉంటే కమిషన్డ్ ఆఫీసరు.

అన్ని పతకాల అంచులకూ పేరు ఉండదు. 1911 ఢిల్లీ దర్బారు పతకం పేరు లేకుండానే వెలువడింది. ముందువైపు రాజు, రాణి ఇద్దరి బొమ్మలు, వెనుకవైపు పారశీ లిపి ఉంటే అది ఈ దర్బారు పతకమే. పారశీ అక్షరాలను చూసి దీనిని నిజాం పతకంగా పొరబడే అవకాశం ఉంది.

రాజు బొమ్మ, బిరుదులు

పతకం ముందువైపు ఉన్న తల ఎవరిదో తెలిస్తే కాలపు హద్దులు దొరుకుతాయి. విక్టోరియా రాణి 1901 జనవరి వరకు, ఏడవ ఎడ్వర్డు 1901-1910, ఐదవ జార్జి 1910-1936, ఆరవ జార్జి 1936-1952 మధ్య పాలించారు. అయితే ఇది పతకం తయారైన కాలాన్ని సూచిస్తుంది, సేవ జరిగిన కాలాన్ని కాదు. విక్టోరియా తొలినాళ్ళలో జారీ అయిన ఆర్మీ ఆఫ్ ఇండియా పతకం 1803-1826 మధ్య జరిగిన యుద్ధాలకు 1851లో ఇచ్చినది. దానిని అందుకోవడానికి అప్పటికి బ్రతికి ఉన్నవారు కొద్దిమందే.

తల చుట్టూ ఉండే బిరుదులు మరింత సూక్ష్మమైన ఆధారం. భారతదేశానికి ఉద్దేశించిన పతకాలపై ఎడ్వర్డు, ఐదవ జార్జిల పేర్ల పక్కన "కైసర్-ఇ-హింద్" అని ఉంటుంది. 1930 తరువాతి సరిహద్దు పతకాలపై దీనికి బదులు లాటిన్‌లో "ఇండియే ఇంప్", అనగా భారత చక్రవర్తి అని ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఈ బిరుదు వదులుకోబడింది. ఆరవ జార్జి బొమ్మ ఉండి "ఇండియే ఇంప్" లేని పతకం ఆ తరువాత తయారైనది.

మొదటి ప్రపంచ యుద్ధ పతకాలు

ఈ యుద్ధానికి సాధారణ సైనికులకు లభించినవి ముఖ్యంగా మూడు. మొదటిది కంచు నక్షత్రం. ఇందులో రెండు రకాలు. 1914 ఆగస్టు 5 - నవంబరు 22 మధ్య ఫ్రాన్సు, బెల్జియంలలో ఉన్నవారికి 1914 స్టార్, 1915 డిసెంబరు 31 లోపు ఇతర రణరంగాలలో దిగినవారికి 1914-15 స్టార్ ఇచ్చారు. నడుమ ఉన్న పట్టీపై తేదీని చదివితే భేదం తెలుస్తుంది. దక్షిణాది పటాలాలలో 61వ పయనీర్లు, 63వ పాలంకోట లైట్ ఇన్‌ఫంట్రీ 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా వద్ద జర్మనులతో పోరాడాయి. అటువంటి వారికి వచ్చేది 1914-15 స్టార్.

రెండవది బ్రిటిష్ వార్ మెడల్. వెండిది, 36 మిల్లీమీటర్ల వ్యాసం. వెనుకవైపు గుర్రంపై నగ్నంగా ఉన్న రౌతు, గుర్రం కాళ్ళ క్రింద డాలు, పుర్రె ఉంటాయి. రిబ్బను నడుమ నారింజ రంగు, ఇరువైపులా తెలుపు, నలుపు, నీలం చారలు. శ్రామిక దళాలలో పనిచేసినవారికి ఇదే పతకాన్ని వెండికి బదులు కంచుతో చేసి ఇచ్చారు. సుమారు 1,10,000 కంచు పతకాలు మాత్రమే వెలువడ్డాయి. కంచు పతకాన్ని చూసి "ఇది వెండిది కాదు, నకిలీది" అని పారవేయడం పెద్ద పొరపాటు. అది అరుదైనది. పైగా మెసపొటేమియాలోను, ఫ్రాన్సులోను మట్టి తవ్వి, మూటలు మోసిన కూలీల సేవకు మిగిలిన గుర్తు అదే.

మూడవది విక్టరీ మెడల్. పసుపు ఛాయ గల కంచు బిళ్ళపై రెక్కల విజయదేవత, వెనుక "నాగరికత కొరకు మహాయుద్ధం" అనే అర్థం గల ఇంగ్లీషు వాక్యం, 1914-1919 అనే సంవత్సరాలు ఉంటాయి. రిబ్బను ఇంద్రధనుస్సు రంగులలో, ఎరుపు నడుమన ఉంటుంది.

ఈ మూడింటి మధ్య ఒక నియమం కలదు. విక్టరీ మెడల్ ఎవరికీ ఒంటరిగా ఇవ్వబడలేదు. అది ఉన్నవారందరికీ బ్రిటిష్ వార్ మెడల్ కూడా ఉంటుంది. నక్షత్రం ఉన్నవారికి మిగిలిన రెండూ ఉంటాయి. కనుక ఒక ఇంట్లో విక్టరీ మెడల్ ఒక్కటే కనిపిస్తే రెండవది ఎప్పుడో పోయిందని అర్థం. పోయినది దాదాపు ఎప్పుడూ వెండిదే. సుమారు ఒక ఔన్సు బరువున్న మంచి వెండి కావడంతో కరువు రోజుల్లోను, పెళ్ళిళ్ళ సమయంలోను అది కంసాలి మూసలో కరిగిపోవడం దేశమంతటా జరిగినదే. బ్రిటన్‌లో కూడా వెండి ధర పెరిగినప్పుడల్లా ఇదే జరిగింది. వెండి పోయినా మిగిలిన కంచు పతకం అంచుపై అదే సంఖ్య, అదే పేరు ఉంటాయి కనుక సైనికుని వివరాలు పోవు.

యుద్ధంలో మరణించినవారి కుటుంబాలకు సుమారు 12 సెంటీమీటర్ల వ్యాసం గల పెద్ద కంచు ఫలకం పంపారు. దానిపై సింహంతో నిలబడిన బ్రిటానియా, చనిపోయిన వ్యక్తి పేరు ఉబ్బెత్తు అక్షరాలతో ఉంటాయి. హోదా ఉద్దేశపూర్వకంగానే వేయలేదు. చావులో అందరూ సమానమని అప్పటి భావన. ఇది ధరించే పతకం కాదు. రిబ్బను తగిలించే కొండి ఉండదు. మన ఇళ్ళలో దీనిని ఏదో దేవతా ఫలకమని గోడకు తగిలించినా ఆశ్చర్యం లేదు.

ఈ సమానత్వం రాతిపై మాత్రం కనిపించదు. 1929లో ఆవిష్కరించిన బస్రా స్మారకంపై బ్రిటిషు సైనికులందరి పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. భారతీయ సిపాయిలను మాత్రం పటాలాల వారీగా సంఖ్యలుగా చూపారు. 2021లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ తన నివేదికలో ఇటువంటి వివక్షను అంగీకరించింది. మెసపొటేమియాలో చనిపోయిన గోదావరి సిపాయి పేరు స్మారకపు రాతిపై లేకపోయినా, అతని పతకం అంచున ఉంటుంది. అంచును అరగదీయవద్దని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

రెండు యుద్ధాల మధ్య

1908లో ప్రారంభమైన ఇండియా జనరల్ సర్వీస్ మెడల్ 1935 వరకు కొనసాగింది. రిబ్బను ఆకుపచ్చ, నడుమ వెడల్పాటి నీలం. వెనుక భాగాన జంరూద్ కోట బొమ్మ ఉంటుంది. ఈ పతకానికి కాలనిర్ణయం సులభం. రిబ్బనుపై అమర్చే అడ్డకడ్డీ (క్లాస్ప్) మీద దండయాత్ర పేరు, సంవత్సరం స్పష్టంగా ఉంటాయి. "అఫ్ఘనిస్తాన్ ఎన్.డబ్ల్యు.ఎఫ్. 1919", "వజీరిస్తాన్ 1921-24", "మలబార్ 1921-22", "బర్మా 1930-32" వాటిలో కొన్ని. మలబారు కడ్డీ మాపిళ్ళ తిరుగుబాటు అణచివేతకు ఇచ్చినది. ఒకే పతకంపై రెండు మూడు కడ్డీలు ఉంటే క్రిందిది మొదటి సేవ, పైది తరువాతది.

1936లో దీని స్థానంలో కొత్తది వచ్చింది. వెనుక పులి బొమ్మ ఉండటంతో వెంటనే గుర్తుపట్టవచ్చు. పై కారణాల వలన తెలుగు పదాతి సైనికులకు ఈ రెండు పతకాలు కొద్దిగానే లభించాయి. గోదావరి ప్రాంతంలో కనిపిస్తే అంచున శాపర్లు, పయనీర్లు లేదా రవాణా దళాల పేర్లు ఉండే అవకాశం ఎక్కువ.

భారతీయ అధికారులకు ఇచ్చిన ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా (స్థాపన 1837) మెడలో ధరించేది. మొదటి తరగతి వారు "సర్దార్ బహాదూర్", రెండవ తరగతి వారు "బహాదూర్" అనే బిరుదులు పేరు చివర పెట్టుకునేవారు. దీని రిబ్బను ముదురు ఎరుపు. 1939 నుండి దానిపై లేత నీలం గీతలు చేర్చారు. మొదటి తరగతికి రెండు, రెండవ తరగతికి ఒకటి. పాత ఫొటోలో తాతగారి మెడలో గీతలు లేని రిబ్బను కనబడితే ఆ ఫొటో అంతకు ముందుదని ఊహించవచ్చు.

రెండవ ప్రపంచ యుద్ధ పతకాలు

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేయడంతో యుద్ధం కోస్తా ప్రజల గుమ్మం ముందుకు వచ్చింది. తాడేపల్లిగూడెం విమానాశ్రయపు రన్‌వే ఆ యుద్ధకాలపు నిర్మాణమే. అప్పటి సైనికులకు లభించిన నక్షత్రాలన్నీ ఒకే ఆకారంలో, ఆరు కోణాలతో, పసుపు లోహంతో ఉంటాయి. నడుమ రాజు మోనోగ్రాం, చుట్టూ నక్షత్రం పేరు. చిన్న అక్షరాలైనా చదవగలిగినవే. 1939-45 స్టార్ యుద్ధరంగంలో నిర్ణీత కాలం పనిచేసిన వారిది. ఆఫ్రికా స్టార్ 1940 జూన్ - 1943 మే మధ్య ఉత్తర, తూర్పు ఆఫ్రికాలలో ఉన్నవారిది. ఇటలీ స్టార్ 1943 జూన్ - 1945 మే నాటిది. బర్మా స్టార్ 1941 డిసెంబరు 11 నుండి 1945 సెప్టెంబరు 2 వరకు బర్మా యుద్ధంలో పాల్గొన్నవారిది. మలయా, సింగపూరులలో 1942 ఫిబ్రవరి వరకు పోరాడి జపాను వారికి చిక్కినవారికి పసిఫిక్ స్టార్ వర్తిస్తుంది. పసిఫిక్ మహాసముద్రం చూడని సిపాయి పేరున ఆ నక్షత్రం ఎందుకున్నదని అనుమానించనక్కరలేదు.

నక్షత్రాలతో పాటు గుండ్రని పతకాలు మూడు కలవు. వార్ మెడల్ వెనుక రెండు తలల డ్రాగన్‌ను త్రొక్కుతున్న సింహం ఉంటుంది. 28 రోజులు పూర్తికాల సేవ చేసినవారందరికీ ఇది లభించింది. డిఫెన్స్ మెడల్ రిబ్బను నడుమ నారింజ, అంచులు ఆకుపచ్చ. మూడవదైన ఇండియా సర్వీస్ మెడల్ వెనుక భారతదేశపు పటం ఉంటుంది. భారతదేశంలోనే మూడేళ్ళు సేవ చేసిన భారత దళాల వారిది ఇది. డిఫెన్స్ మెడల్ పొందినవారికి దీనిని ఇవ్వలేదు. రెండూ ఒకే పెట్టెలో ఉంటే అవి ఇద్దరు మనుషులవి కావచ్చు. అన్నదమ్ములు, తండ్రీకొడుకులు సైన్యంలో ఉన్న ఇళ్ళలో ఇటువంటి కలగలుపు సహజమే కనుక ఒక్కొక్క అంచును విడిగా చదవాలి.

యుద్ధం ముగిశాక జావా, ఇండోచైనాలకు వెళ్ళిన భారత దళాలకు ఊదా రంగు నడుమ ఆకుపచ్చ గీత గల జనరల్ సర్వీస్ మెడల్, "ఎస్.ఈ. ఏషియా 1945-46" కడ్డీతో ఇచ్చారు.

స్వాతంత్ర్యానంతరం

1947 ఇండియన్ ఇండిపెండెన్స్ మెడల్ రెండు యుగాల సరిహద్దున నిలిచిన విచిత్రమైన పతకం. దానిపై అశోకుని సింహాలు, ఆరవ జార్జి బిరుదులు రెండూ ఉన్నాయి. రిబ్బను కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. తరువాత 1947 జనరల్ సర్వీస్ మెడల్ వచ్చింది. దాని ఎర్రని రిబ్బనుపై ఐదు ఆకుపచ్చ గీతలు, ముందువైపు ఖడ్గం పట్టిన చేయి ఉంటాయి. జమ్మూ కాశ్మీరు, గోవా 1961, లడఖ్ 1962, నేఫా 1962 వంటి కడ్డీలు దీనికే చెందుతాయి. 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్, 1971 యుద్ధానికి పూర్వీ స్టార్ (తూర్పు రంగం), పశ్చిమీ స్టార్ (పశ్చిమ రంగం), సంగ్రామ్ మెడల్ వెలువడ్డాయి. సంస్థానాల పతకాలను మినహాయిస్తే, దేవనాగరి అక్షరాలు ఉన్న సైనిక పతకం స్వాతంత్ర్యానంతరపుదే.

1972 ఆగస్టు 15 నాటికి సేవలో ఉన్నవారందరికీ స్వాతంత్ర్య రజతోత్సవ పతకం ఇచ్చారు. వరుసలో అది ఉన్నదా లేదా అన్నదానిని బట్టి సైనికుడు ఆ తేదీకి ముందే పదవీ విరమణ చేశాడో లేదో చెప్పవచ్చు.

రిబ్బను, గడ్డం పట్టీ వంటి మెత్తని ఆధారాలు

రిబ్బను చూసి పతకాన్ని గుర్తించడం తేలిక గాని కాలాన్ని నిర్ణయించడం ప్రమాదకరం. గుడ్డ చిరుగుతుంది, చిరిగినది మారుస్తారు. పాత పట్టు రిబ్బను స్థానంలో ఇటీవలి నైలాను రిబ్బను ఉండటం మామూలే. తప్పుడు పతకానికి తప్పుడు రిబ్బను కుట్టి ఉండటం కూడా మామూలే. లోహం ఒక మాట, రిబ్బను ఒక మాట చెబితే లోహాన్నే నమ్మాలి.

పతకాలతో పాటు మిగిలిన ఉక్కు శిరస్త్రాణాలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిషు శిరస్త్రాణానికి తోలు గడ్డం పట్టీ ఉండేది. 1938లో వచ్చిన రెండవ నమూనాకు ఇరుప్రక్కల స్ప్రింగులు గల నేత పట్టీ వచ్చింది. 1941 అక్టోబరులో ఢిల్లీలో ఏర్పడిన 50వ ఇండియన్ పారాచూట్ బ్రిగేడుతో మన సైన్యంలో గగనతల సైనికులు మొదలయ్యారు. బ్రిటిషు గగనతల సైనికుల కోసం రూపొందించిన శిరస్త్రాణానికి, తాళ్ళకు చిక్కుకోకుండా, చుట్టూ రేకు అంచు ఉండదు. దాని పట్టీ మెడ వెనుక నుండి, రెండు ప్రక్కల నుండి వచ్చి గడ్డం క్రింద కలుస్తుంది. ఆ పట్టీ మొదట తోలుది, 1944 ప్రాంతంలో నేతది అయింది. అమెరికను ఎం-1 శిరస్త్రాణంలో పట్టీ తగిలించే కొక్కెం కదలకుండా అతికించి ఉంటే అది 1943 లోపుది, అటు ఇటు కదిలితే తరువాతది. పారాచూట్ దళాలకు ఇచ్చిన ఎం-2 రకానికి ఈ కొక్కెం అర్ధచంద్రాకారంలో ఉంటుంది. పట్టీ ఎప్పుడైనా మార్చదగినది కాబట్టి పట్టీ మీది సంవత్సరం ఆ పట్టీకే చెందుతుంది, టోపీకి కాదు. లోపలి తోలు పటకా మీద ముద్రించిన సంవత్సరాన్ని కూడా కలిపి చూడాలి.

మార్పులు, నకళ్ళు

పాత పేరును అరగదీసి వేరే పేరు చెక్కిన పతకాలు సంతలో ఉంటాయి. అటువంటి పతకం అంచు మిగిలిన వాటికంటే పలచగా, వ్యాసం 36 మిల్లీమీటర్ల కంటే కాస్త తక్కువగా ఉంటుంది. ఆకురాయి గీతలు భూతద్దానికి కనిపిస్తాయి. పోత పోసిన నకళ్ళలో అక్షరాల అంచులు మొద్దుబారి, రాజు వెంట్రుకల వివరాలు అలుక్కుపోయినట్లు ఉంటాయి. అయితే ఏళ్ళ తరబడి తోమిన అసలు పతకం కూడా అలాగే కనిపిస్తుంది. కనుక అరుగుదల ఒక్కదానిని పట్టుకుని నకిలీ అనరాదు. అరుగుదల ఉబ్బెత్తు భాగాలలోనే ఉంటే తోమడం వలన వచ్చినది. లోతైన భాగాలు కూడా మసకగా ఉంటే పోత అని అనుమానించాలి.

జిల్లా పేర్లతో చిక్కు

పతకంతో పాటు డిశ్చార్జి కాగితం ఉంటే దానిపై జిల్లా పేరు కాలాన్ని చెబుతుంది. గోదావరి జిల్లా 1859లో ఏర్పడింది. అంతకు ముందు రాజమండ్రి జిల్లా. 1904లో ఏలూరు, యర్నగూడెం, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో వాటితో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. కాబట్టి మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన మాధవరం సైనికుని జిల్లా ఆనాటి కాగితాలలో "కిస్ట్నా" అని ఉంటుంది, గోదావరి అని కాదు. గోదావరి అని వెతికి, దొరకలేదని విరమించుకునేవారు ఈ విషయం గమనించాలి. ఏలూరును "ఎల్లోర్", కాకినాడను "కోకనాడ", విజయవాడను "బెజవాడ" అని రాసేవారు.

యుద్ధంలో మరణించినవారి వివరాలను కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో సంఖ్య, దళం, పేరులతో వెతకవచ్చు. కొందరికి తండ్రి పేరు, ఊరు కూడా ఇచ్చి ఉంటాయి. బ్రతికి తిరిగి వచ్చినవారి సేవా వివరాలకు ఆయా దళాల రికార్డు కార్యాలయాలను సంప్రదించాలి. మద్రాసు రెజిమెంటు కేంద్రం నీలగిరులలోని వెల్లింగ్టన్‌లోను, మద్రాసు ఇంజనీర్ గ్రూపు కేంద్రం బెంగుళూరులోను ఉన్నాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా అర్జీ పెట్టుకోవచ్చు.

భద్రపరచడం

చింతపండు, విభూతి, ఇత్తడి పాలిష్ - ఇవేవీ వాడరాదు. ఒక్కొక్క తోముడుకు అంచు రాత కొంత అరుగుతుంది. మెత్తని పొడి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. వెండి నల్లబడటం వలన నష్టం లేదు. కోస్తా తేమలో రిబ్బనుకు బూజు పడుతుంది కనుక పొడిగా, గాలి తగిలేచోట ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టరాదు. పతకాలను విడదీసి అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ముందుగా అన్నింటినీ వరుసగా పేర్చి, ముందు, వెనుక, అంచు ఫొటోలు తీసి ఒక కాపీ ప్రతి ఒక్కరి దగ్గర ఉంచుకోవడం మంచిది.

1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన చారిత్రక ప్రాధాన్యం గల వస్తువులను ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటించరాదు. మొదటి ప్రపంచ యుద్ధ పతకాలు ఇప్పుడు ఆ వయస్సుకు చేరాయి. విదేశాలలో స్థిరపడిన వారసులు తాతల పతకాలను వెంట తీసుకుపోయే ముందు ఈ విషయాన్ని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ వద్ద విచారించుకోవాలి.